రెండో పొయ్యి

స్టీవెనేజ్,
11 మార్చి 2014

శాంతా,

ఫోన్ చేస్తే పోయేదానికి ఈ కాయితాలేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. మా ఇంట్లో ఫోన్ సంగతి నీకు తెలిసిందే. నీ గొంతు వినపడగానే అత్తయ్య "స్పీకర్ పెట్టవే" అంటారు. ఆవిడ గురించి ఆవిడ ముందే నీతో ఎలా మాట్లాడను? మెయిల్ రాద్దామంటే ఉన్న ఒక్క కంప్యూటర్ ముందూ నీ మేనకోడలు పూజిత కూర్చుని ఉంటుంది. అందుకని లైబ్రరీలో నా డ్యూటీ అయ్యాక, జనం తిరిగిచ్చిన పుస్తకాల బండి పక్కన కూర్చుని రాస్తున్నాను.

అత్తయ్య మోకాళ్లు బాగా లేవు. పోయినవారం నేను ఇంటికొచ్చేసరికి మెట్ల మీద కూర్చుని, చేతులు ఆనించి, ఒక్కొక్క మెట్టే వెనక్కి పాకుతూ ఎక్కుతున్నారు. నన్ను చూసి "మెట్లు తుడుస్తున్నానే" అన్నారు. చేతిలో గుడ్డ లేదు.

మా జీపీ డాక్టరు ఒకటే మాట చెప్పాడు. వచ్చే చలికాలం లోపు పడక కిందికి మార్చాలి, పక్కనే బాత్‌రూమ్ ఉండాలి. మాకు కింద ఉన్నది ఒక హాలు, ఒక వంటిల్లు. బాత్‌రూమ్ పైన. మీ కార్డిఫ్ ఫ్లాట్ మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. తెనాలి ఇల్లు అమ్మేసి నాలుగేళ్లయింది. ఆవిడకు వేరే చోటంటూ లేదు, ఇక్కడే ఏదో చెయ్యాలి.

మీ అన్నయ్య ఆలోచన, పెరటి చివర ఉన్న గరాజ్‌ని గది చెయ్యడం. ఇక్కడ దాన్ని గ్రానీ అనెక్స్ అంటారు. గరాజ్ మనదే, నేల మనదే, అయినా అందులో మనిషి పడుకోవాలంటే కౌన్సిల్ అనుమతి కావాలి. కారు పడుకోవడానికి అక్కర్లేదు. నార్తాంప్టన్ నుంచి రామమోహనరావు గారని ఒకాయన వచ్చి ప్లాన్ గీశారు. మంచం, బాత్‌రూమ్, కిటికీ కింద చిన్న వంటగట్టు, దాని మీద రెండు కళ్ల పొయ్యి. ఆవిడ వంట ఆవిడే చేసుకోవచ్చు.

నీకు ఒక పని చెప్తున్నాను. చుట్టుపక్కల వాళ్లు, బంధువులు బాగుందని కౌన్సిల్‌కి ఉత్తరం రాస్తే మంచిదట. కూతురు రాస్తే ఇంకా బలం. నాలుగు వాక్యాలు రాయి.

మీ వదిన,
హైమ


కార్డిఫ్,
20 మార్చి

వదినా,

నీ ఉత్తరం మా పోస్ట్‌లో చూసి భయపడ్డాను. ఈ కాలంలో చేతిరాతతో కవరొస్తే ఎవరో పోయారనుకుంటాం. చదివాక కూడా స్థిమితంగా ఏం లేదు. మెట్లు తుడుస్తున్నానందా! నాతో ఫోన్లో "నాకేమే, గుర్రంలా ఉన్నాను" అంటుంది.

గరాజ్ అన్న మాట దగ్గర ఆగిపోయాను, నిజం చెప్తున్నా. కారు పెట్టే చోట అమ్మ. ఇక్కడ మా ల్యాబ్‌లో గ్వెన్‌కి చెప్తే "ఓ, లవ్లీ! మా మమ్‌కి కూడా అలాగే కట్టాం" అంది. ఆవిడకి లవ్లీ అయింది నాకెందుకు కాదో తెలీదు. సరే, అన్నయ్య చేస్తున్నాడంటే బాగానే చేస్తాడు.

ఒక్కటడుగుతాను, ఏమీ అనుకోకు. ఆ పొయ్యి ఆలోచన ఎవరిది? అమ్మ అడిగిందా?

ఉత్తరం రాస్తాను. నాలుగు వాక్యాలేంటి, పేజీ రాస్తాను. అమ్మ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

శాంత


స్టీవెనేజ్,
24 ఏప్రిల్

శాంతా,

దరఖాస్తు వెళ్లింది. కౌన్సిల్ వాళ్లు మా ఇంటి ముందు దీపస్తంభానికి పసుపు కాయితం ఒకటి కట్టి పోయారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇరవై ఒక్క రోజుల్లో చెప్పమని. అత్తయ్య కిటికీలోంచి చూసి లోపలికి పిలిచారు.

"ఏమిటే అది, జప్తు నోటీసా?"

"కాదత్తయ్యా, మీ గది గురించి. ఊళ్లోవాళ్లకి తెలియాలని."

"మనింటి గుట్టు స్తంభానికి కట్టి ఊరందరికీ చూపించడమేమిటే! మా కాలంలో ఇంతకంటే తప్పెట కొట్టేవాడు నయం, చెప్పి వెళ్లిపోయేవాడు. ఇది మూడు వారాలు వేలాడుతుందా?"

అని తిట్టారా, మర్నాటినుంచి కర్ర పుచ్చుకుని ఆ స్తంభం దగ్గరే నిలబడుతున్నారు. కుక్కని తిప్పేవాళ్లు, పిల్లల్ని బడికి తీసుకెళ్లేవాళ్లు ఎవరాగి చదివినా, గుండె మీద చెయ్యి పెట్టుకుని "మై రూమ్" అంటున్నారు. వాళ్లు "గుడ్ లక్, డియర్" అని పోతున్నారు. నేను ఈ వీధిలో పదకొండేళ్లుగా ఉన్నాను. నాకు తెలిసినవాళ్లకంటే ఆవిడకి ఈ వారం రోజుల్లో ఎక్కువమంది తెలిశారు.

పక్కింటి బెరిల్ గారు మాత్రం మీ కారు ఇక ఎక్కడ పెడతారని అడిగారు. వీధిలో పెడతామన్నాను. మర్నాడు వాళ్ల పెరట్లో రూబర్బ్ కోసి తెచ్చిచ్చారు. ఎర్రకాడలు, గోంగూరకంటే పులుపు. అత్తయ్య దానితో పచ్చడి నూరి సీసాడు ఆవిడకే పంపారు. బెరిల్ గారు దాన్ని చీజ్‌తో తింటున్నారట. కాబట్టి అటునుంచి అభ్యంతరం రాదనుకుంటున్నాను.

లైబ్రరీ మూసే వేళయింది. ఉంటాను.

హైమ


కార్డిఫ్,
6 మే

వదినా,

రాసేశాను! ఆన్‌లైన్లో పెట్టాను, పేజీన్నర వచ్చింది. మా ఆయన చదివి "ఇది చదివాక అనుమతి ఇవ్వకపోతే వాళ్లకి హృదయం లేదు" అన్నారు. మీరిద్దరూ సంకోచించి చెప్పని సంగతులన్నీ చెప్పాను. ఎవరి అమ్మయినా ఇలా ఉంటే బాగుండుననిపించేలా రాశాను.

పొయ్యి గురించి అడిగాను, నువ్వు రూబర్బ్ గురించి చెప్పావు. సరేలే.

శాంత


స్టీవెనేజ్,
12 జూన్

శాంతకుమారికి,

అనుమతి నిరాకరించారు. నిన్న కాయితాలొచ్చాయి. అధికారి నివేదికలోంచి ఒక ముక్క రాస్తున్నాను, నా మాటల్లో పెడితే రంగు కలిపానంటావు.

"దరఖాస్తుదారు సోదరి లేఖ ప్రకారం, ఇందులో నివసించబోయే మహిళ పూర్తిగా స్వతంత్రురాలు. ఆమె తన వంట తానే చేసుకుంటారు. తన బట్టలు తానే ఉతుక్కుంటారు. ఎవరి మీదా ఆధారపడరు. ఆమెకు తన తలుపు, తన తాళం, తన వంటగది ఉంటాయి. ప్రధాన ఇంటివారిని ఆమె ఏ విధంగానూ ఇబ్బంది పెట్టరు. కనుక ఇది అనెక్స్ కాదు, పెరట్లో కట్టదలచిన ప్రత్యేక నివాసంగా భావిస్తున్నాము."

అనెక్స్ అంటే పెద్దింటికి తోక లాంటిదట. అందులో ఉన్న మనిషి పెద్దింటి మీద ఆధారపడాలి. భోజనమైనా అక్కడ చెయ్యాలి. తనకు తాను సరిపోయే గది అయితే అది ఇంకో ఇల్లు. ఇళ్ల మధ్య పెరట్లో ఇంకో ఇల్లు కట్టనివ్వరు. రామమోహనరావు గారు తల పట్టుకుని, "పొయ్యి ఒక్కటే అయితే ఎలాగో నచ్చజెప్పేవాణ్ణమ్మా. ఆ ఉత్తరం ముంచింది" అన్నారు.

నేను నాలుగు వాక్యాలడిగాను. నువ్వు పేజీన్నర రాశావు. గరాజ్‌లో అమ్మ ఉండడం నీకు మొదటినుంచీ ఇష్టం లేదని నాకు తెలుసు. ఇష్టం లేకపోతే ఆ మాట నాతో అనాల్సింది.

అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. చలికాలానికి అయిదు నెలలుంది. నిన్న రాత్రి కూడా మెట్లు తుడిచారు.

హైమవతి


కార్డిఫ్,
27 జూన్

హైమవతి గారికి,

రెండు వారాలు ఆగి రాస్తున్నాను. వెంటనే రాసుంటే ఇంకా అధ్వాన్నంగా ఉండేది.

మా అమ్మ చలిలో మెట్ల మీద పాకాలని నేను పేజీన్నర రాశానని మీరు నిజంగా అనుకుంటున్నారా? నేనేం రాశాను? అందరం రాసేదే. మన వాళ్లలో పెళ్లి సంబంధానికైనా, వీసాకైనా, ఒక మనిషి గురించి మంచి చెప్పాలంటే ఏమంటాం? "ఎవరికీ భారం కాదు." అంతకంటే పెద్ద మాట మనకుందా? కౌన్సిల్ వాళ్లకి ముసలావిడ భారమవుతుందేమోనని భయముంటుందనుకున్నాను. భారమైతేనే అనుమతి ఇస్తారని నాకేం తెలుసు? ఈ దేశంలో పదిహేనేళ్లుండి, రోజూ ల్యాబ్‌లో ఫారాలు నింపుతూ ఇంత తెలివితక్కువ పని చేశాను, ఒప్పుకుంటున్నాను. కావాలని మాత్రం చెయ్యలేదు.

ఇంకో సంగతి. తన తలుపు, తన తాళం, తన వంటగది అని నేను కల్పించలేదు. ప్లాన్‌లో ఉన్నవే రాశాను. పొయ్యి ఆలోచన ఎవరిదని రెండుసార్లు అడిగాను, మీరు చెప్పలేదు. అందుకని అమ్మనే అడిగాను, మీరు లైబ్రరీలో ఉన్న టైం చూసి. అమ్మ ఏమందో రాస్తున్నాను, నేనూ రంగు కలపను.

"నా పోపు వాసన హైమకి పడదు కాబోలే. పాపం పైకి అనదు. అందుకని పొయ్యి బయటికి పంపిస్తోంది. పోనీలే, నాకు తోడుగా పొయ్యినీ పంపిస్తోంది కదా, నన్ను ఒక్కదాన్నే పంపకుండా."

అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

శాంతకుమారి


స్టీవెనేజ్,
19 జులై

శాంతా,

నన్ను 'మీరు' అన్నావు. పెళ్లయిన కొత్తలో కూడా అనలేదు. నేనే మొదలుపెట్టాను కదా, శాంతకుమారికి అని. సరిపోయింది.

పొయ్యి ఆలోచన నాదే.

అత్తయ్య సుఖం కోసమని మీ అన్నయ్యతో చెప్పాను. ఆవిడ తెల్లారగట్లే లేస్తారు, ఆవిడ గిన్నెలు వేరు, పూజిత గుడ్డు వేయించుకున్న పెనం పక్కన ఆవిడ గిన్నె పెట్టరు, కాబట్టి విడిగా ఉంటే హాయి అని. ఇవన్నీ నిజాలే. కానీ నాలుగేళ్లుగా నేను లేచేసరికి నా వంటింట్లో ఒక మనిషి నిలబడి ఉంటుంది. నా డబ్బాలు ఒక అర కిందికి మారి ఉంటాయి. నేను పెట్టిన చారు రుచి చూసి, ఏమీ అనకుండా, కాస్త ఉప్పేసి కలిపి వెళ్తుంది. నాకు నా వంటింట్లో ఒక్కదాన్నే కాఫీ కలుపుకోవాలని ఉంది. అంతే. ఇంత చిన్న కోరికని ఆవిడ సుఖమనే పెద్ద మాటలో చుట్టి పెట్టాను. ఏ పని చేసినా నాకు రెండు కారణాలు కనిపిస్తాయి శాంతా, అందులో ఏది అసలుదో చేసేటప్పుడు తెలీదు. నీ ఉత్తరం చదివాక తెలిసింది. అది ఇంకెవరూ రాయకూడని ఉత్తరం, నువ్వు రాశావు కాబట్టి సరిపోయింది.

ఆదివారం అత్తయ్యకి అంతా చెప్పాను. చిక్కుళ్లు ఈనెలు తీస్తున్నారు. అనుమతి రాలేదని, నీ ఉత్తరం సంగతి, పొయ్యి సంగతి, నా కాఫీ సంగతి కూడా. ఆవిడ చిక్కుళ్లు ఆపలేదు.

"ఇంతకీ కౌన్సిలాళ్లు పొయ్యి తీసెయ్యమంటారా?"

"తీసేసి మళ్లీ అడగొచ్చట. కానీ భోజనం ఈ ఇంట్లోనే చెయ్యాలి."

"తీసేయ్."

"మీకు కష్టం కదా, రోజూ వానలో పెరడు దాటి..."

"కష్టమెందుకే? మా అత్తగారింట్లో ముగ్గురు తోడికోడళ్లం. మామగారు పోయాక ఏడాదిలో మూడు పొయ్యిలయ్యాయి. అందరూ మంచికేనన్నారు, ఎవరి వంట వాళ్లకి సుఖమన్నారు. ఎనిమిదడుగుల వసారా. మా పెద్ద తోడికోడలికి జ్వరమొస్తే నాకు మూడో రోజున తెలిసింది, అదీ పాలవాడు చెబితే. నువ్వు నాకు పొయ్యి పెడుతున్నానంటే అదే గుర్తొచ్చింది."

"మరి వద్దని చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"నా సుఖం కోసమని నువ్వంటుంటే నీ ముఖాన కొట్టినట్టు వద్దని ఎలా అంటానే?" అని, ఇంకో చిక్కుడు అందుకుని, "కాఫీ సంగతి ముందే చెప్పుంటే ఆరున్నర దాకా దుప్పట్లోనే ఉండేదాన్నిగా. నీకోసమని లేచి ఛస్తున్నాను" అన్నారు.

పొయ్యి కొట్టేసి కొత్త ప్లాన్ పంపుతున్నాం. ఏడాదిలోపు రెండోసారికి ఫీజు లేదట. గదిలో కెటిల్ ఉండొచ్చు. టోస్టర్ దగ్గర రామమోహనరావు గారు సందేహించారు.

హైమ


కార్డిఫ్,
2 ఆగస్టు

వదినా,

ఉత్తరం రెండుసార్లు చదివి, మా ఆయన అడిగితే ఇవ్వలేదు. అన్నయ్యకి చెప్పావా కాఫీ సంగతి? చెప్పకు. వాడు వెళ్లి మెషీన్ కొంటాడు.

ఈసారి నేనేమీ రాయను. కౌన్సిల్ వాళ్లొచ్చి అడిగినా నాకు అమ్మ లేదంటాను.

రెండోసారి కూడా కాదంటే ఏం చేద్దాం? మా బిల్డింగ్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్ అద్దెకొస్తుందేమోనని ఏజెంట్ దగ్గర పేరిచ్చాను. అమ్మకి చెప్పలేదు. నీకు చెప్తున్నాను.

శాంత


స్టీవెనేజ్,
23 సెప్టెంబరు

శాంతా,

ఇవాళ కౌన్సిల్ నుంచి ప్లానింగ్ ఆఫీసరు వచ్చింది. మిస్ హార్ట్‌లీ అని, ఇరవై ఏడెనిమిదేళ్లుంటాయి. మొదటిసారి గరాజ్ బయట కొలిచి వెళ్లిపోయిందట. ఈసారి ఇంట్లోకొస్తానంది, ఒక కుటుంబంగా ఉంటున్నామా లేదా చూడాలిగా.

మీ అన్నయ్య రెండు రోజులుగా మాకు రిహార్సల్ చేయించారు. సెలవు పెట్టి, "అమ్మా, నువ్వు నవ్వుతూ ఉండు చాలు. హైమా, నువ్వు అమ్మకి వడ్డిస్తూ ఉండు. అందరం అన్యోన్యంగా కనపడాలి" అని. పూజిత టీచర్ల ట్రైనింగ్‌కి బడి సెలవై ఇంట్లోనే ఉంది. బల్ల మీద కొత్త గుడ్డ పరిచాను. నా మీద నాకే అసహ్యమేసింది.

ఆవిడొచ్చే వేళకి చారు పొయ్యి మీద ఉంది. ఆవిడ గుమ్మంలోకి వచ్చింది, అత్తయ్య నవ్వారు. నవ్వుతూనే గరిట తీసి చారు రుచి చూశారు. నవ్వు పోయింది.

"ఇది చారా? గిన్నె కడిగిన నీళ్లా?"

"అత్తయ్యా, తర్వాత," అన్నాను, పళ్లు బిగించి.

"తర్వాతేమిటే, ఆవిడకి పోస్తావా ఇది? మనింటి పేరు పోతుంది. చింతపండు పిసికావా, చూపించావా?"

"పొద్దున మీరే కదా పులుపెక్కువైందన్నారు!"

"అది నిన్నటి చారు!"

ఇక నాకూ నోరాగలేదు. నాలుగేళ్ల ఉప్పు ఒక్కసారి బయటికొచ్చింది. నా డబ్బాలు, మీ గరిట, నా పోపు, మీ పెనం. మీ అన్నయ్య ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. మిస్ హార్ట్‌లీ పూజిత వైపు తిరిగి ఏమంటున్నారని అడిగింది.

నీ మేనకోడలు మెట్ల మీద కూర్చుని, ఫోన్లోంచి తలెత్తకుండా, "నానమ్మ సేస్ మమ్స్ చారు ఈజ్ డిష్‌వాటర్" అంది.

"ఇలా తరచుగా జరుగుతుందా?"

"ఎవ్రీ సింగిల్ డే. ఇట్స్ సో బోరింగ్."

ఆవిడ ఏదో రాసుకుంది. గరాజ్ చూసింది, కెటిల్ పెట్టే చోటు చూసింది, వెళ్లిపోయింది. మీ అన్నయ్య మాతో ఇంకా మాట్లాడలేదు. అత్తయ్య ఆ చారుతోనే అన్నం తిన్నారు, రెండోసారి కూడా పోయించుకున్నారు.

నీ ఏజెంట్‌కి పేరు తియ్యొద్దని చెప్పు.

హైమ


కార్డిఫ్,
21 అక్టోబరు

వదినా!

మీకు పోస్ట్ చేరిందో లేదో, నేను కౌన్సిల్ వెబ్‌సైట్లో రోజూ చూస్తున్నాను. పొద్దున ల్యాబ్‌లో చూశాను. మంజూరు!

నివేదికలో నాకు నచ్చిన ముక్క రాస్తున్నాను. "స్థల పరిశీలనలో, వంట ప్రధాన ఇంట్లోనే జరుగుతోందని, అందరూ కలిసి భోజనం చేస్తారని, వంట విషయంలో ఆ మహిళకు రోజువారీ పాత్ర ఉందని స్పష్టమైంది. ఇది ఒకే కుటుంబమని సంతృప్తి చెందాను."

రోజువారీ పాత్రట! గ్వెన్‌కి అర్థం చెప్పి చదివి వినిపిస్తే కుర్చీలోంచి పడినంత పని చేసింది. వదినా, నేను పేజీన్నర మెచ్చుకుంటే మిమ్మల్ని రెండు కుటుంబాలన్నారు. మీరు ఒక్క చారు దగ్గర కొట్టుకుంటే ఒకటేనన్నారు. ఆ అమ్మాయికి మంచి కళ్లున్నాయి. వేరుపడిన వాళ్లకి పక్కవాళ్ల చారుతో పనేముంటుంది?

ఏజెంట్ దగ్గర పేరు తీయించేశాను.

శాంత


స్టీవెనేజ్,
18 జనవరి 2015

శాంతా,

అత్తయ్య గదిలోకి మారి పది రోజులైంది. పండక్కి ముందే పని అయిపోయింది. ఫోన్లో అన్నీ విన్నావు, కాబట్టి స్పీకర్లో చెప్పనిది రాస్తున్నాను.

మారిన రోజు సాయంత్రం ఆవిడ మంచం మీద కూర్చుని కౌన్సిల్ కాయితం తెమ్మన్నారు. అనుమతితో పాటు షరతులుంటాయి కదా, అవి చదవమన్నారు. మూడోది చదివాను. ఈ అనెక్స్‌ని ఈ నంబరు ఇంటికి అనుబంధంగా తప్ప మరే విధంగానూ, ఏ కాలంలోనూ వాడకూడదు.

"అంటే?"

"అంటే దీన్ని విడదీసి అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. వేరే ఇల్లుగా చెయ్యకూడదు. ఇందులో ఉండే మనిషి ఆ ఇంటి మనిషే అయ్యుండాలి."

"కౌన్సిలాళ్లు రాసిచ్చారా?"

"సంతకం కూడా ఉంది."

"మీ మామగారు పోయేముందు రాసిన కాయితంలో కూడా ఇంత గట్టిమాట లేదే," అన్నారు. మళ్లీ చదవమన్నారు. చదివాను. మడిచి, జీపీ కాయితాలుండే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తలగడ కిందికి తోశారు.

ఆ షరతు ఆవిడ ఒక్కరికే కాదు, నాకూ ఉందని నాకు అప్పుడు తట్టింది. ఈ ఇంట్లో ఉన్నంతకాలం నా వంటిల్లు నాది కాదని కౌన్సిల్ ముద్ర వేసి ఇచ్చింది. బాధపడ్డానా అంటే, తెలీదు. కొంచెం పడ్డాననే అనుకుంటాను. ఆవిడ సంతోషం చూసి కరిగిపోయానని రాస్తే నీకు బాగుంటుంది కానీ, అది నీ పేజీన్నర లాంటిదవుతుంది.

పొద్దున ఆరింటికి వంటింట్లో నేను ఒక్కదాన్నే కాఫీ కలుపుకుంటున్నాను. ఆరున్నరకి గొడుగు వేసుకుని, కర్ర టకటకలాడించుకుంటూ ఆవిడ పెరడు దాటి వస్తారు. ఇరవై ఒక్క అడుగులు. మెట్టు ఒక్కటీ లేదు. తలుపు దగ్గర ఆగి, నా కప్పు ఖాళీ అయిందో లేదో అద్దంలోంచి చూసి, అప్పుడు లోపలికొస్తారు. ఖాళీ కాకపోతే వానలో అయినా ఆగుతారు. మొన్నటినుంచి కాస్త తొందరగా తాగుతున్నాను.

ఇవాళ చారు ఆవిడే పెట్టారు. చాలా బాగుంది. ఆ మాట ఆవిడతో అనలేదు. నువ్వూ అనకు. ఉప్పు తక్కువైందన్నాను.

హైమ